చేతులు దించిన మనిషి

హెక్టర్ గాన్యో కుప్పకూలిన క్షణంలో అర్మిందో ఫుర్తాదో సంతోషించాడు. తరవాతి రోజుల్లో ఆ దెబ్బ కంటే ఆ సంతోషమే అతన్ని ఎక్కువగా తినేసింది. రెండు చేతులూ పైకెత్తి, బాక్సింగ్ రింగు తాళ్ళ మీదికెక్కి, ప్రావిడెన్స్ హాల్లో సిగరెట్ పొగ కమ్మిన దీపాల కింద తన పేరు అరుస్తున్న జనాన్ని చూసి నవ్వాడు. శిక్షకుడు గస్ పచేకో పరుగెత్తుకొచ్చి నడుం పట్టుకుని పైకెత్తేశాడు.

"దించు బాబాయ్, నడుం పట్టేస్తుంది నీకు" అన్నాడు అర్మిందో.

కిందికి దిగి, ఓడినవాడి భుజం తట్టడం మర్యాద కనక అటు తిరిగాడు. హెక్టర్ ఇంకా లేవలేదు. డాక్టరు అతని కనురెప్ప ఎత్తి టార్చిలైటు వేసి చూస్తున్నాడు. రిఫరీ ఎవరి మొహమూ చూడకుండా స్ట్రెచర్ కోసం చెయ్యి ఊపాడు.

హెక్టర్ మళ్ళీ కళ్ళు తెరవలేదు. వారం తిరక్కుండానే ఆసుపత్రిలో పోయాడు.

కొరియా యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం అది, అమెరికా తూర్పు తీరంలో. న్యూ బెడ్‌ఫోర్డ్‌లో నూలు మిల్లులు ఒకటొకటిగా మూతపడుతున్నాయి. అర్మిందో తల్లీ తండ్రీ పోర్చుగల్‌కి చెందిన అజోర్స్ దీవుల నుంచి వచ్చి ఆ మిల్లుల్లోనే దూది పీల్చి పీల్చి, ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. అతను మూడంతస్తుల కొయ్య ఇంట్లో పైవాటాలో ఒక్కడే అద్దెకుంటూ, పగలు మిల్లులో బేళ్ళు మోస్తూ, సాయంత్రాలు గస్ జిమ్‌లో సాధన చేసేవాడు. మాట తక్కువ మనిషి. ఆ కుడి చెయ్యి మాత్రం వాడిది కాదు, ఏ కమ్మరివాడిదో అని గస్ అందరితో చెప్పి మురిసిపోయేవాడు. ప్రావిడెన్స్ నుంచి డెస్మండ్ క్రేన్ వచ్చి చూసి, మేనేజరుగా తన పేరు రాయించుకున్నాక అర్మిందోకి ఓటమి అన్నది లేదు. గాన్యోతో పోటీ గెలిస్తే తరవాత బోస్టన్. బోస్టన్‌లో గెలిస్తే ఆపైన ఛాంపియన్‌తోనే.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే చాలు, ఆ నాలుగో రౌండే కనిపిస్తోంది.

మొదటి మూడు రౌండ్లూ హెక్టర్ బాగానే ఆడాడు. ముప్పై దాటినవాడు, రింగులో తలపండినవాడు. దెబ్బ బయలుదేరకముందే దాన్ని పసిగట్టే మనిషి. అలాంటివాడు నాలుగో రౌండులో అర్మిందో ఎడమ చేత్తో ఒక మామూలు దెబ్బ తగిలించగానే రెండు చేతులూ దించేశాడు. అలసటతో జారిపోయిన చేతులు కావవి. బరువు దించుకుంటున్నంత నిదానంగా దించాడు. దించి, అర్మిందో కళ్ళలోకి చూశాడు. పెదవులు కదిపి ఏదో అన్నాడు కూడా. పళ్ళ మధ్య రబ్బరు తొడుగు ఉండటంతో మాట తెలియలేదు. అర్మిందో దాన్ని వెటకారం అనుకున్నాడు. దమ్ముంటే కొట్టు అంటున్నాడనుకున్నాడు. ఒంట్లో ఉన్న బలమంతా కూడగట్టి కుడి చేత్తో కొట్టాడు. పడబోతున్న మనిషి పడే లోపలే మరొకటి, ఇంకొకటి.

"ఆట అన్నాక జరుగుతాయి తమ్ముడూ" అన్నాడు క్రేన్, చావు కబురు చెప్పడానికి వచ్చినప్పుడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, అంచు వెంట వేలు నడిపిస్తూ మాట్లాడతాడు. "నువ్వేమీ మనసులో పెట్టుకోకు. హెక్టర్ భార్యకి డబ్బు అందేలా విరాళాల పోటీ ఒకటి పెట్టిస్తున్నాను. అంత్యక్రియలకి మాత్రం వెళ్ళకు. పేపర్లవాళ్ళు వస్తారు, బాగుండదు."

అర్మిందో తల ఊపాడు. కానీ ఆ ఉదయం వచ్చేసరికి ఇంట్లో ఉండలేకపోయాడు. బస్సెక్కి ఫాల్ రివర్‌లో దిగి, హెక్టర్ వాళ్ళ ఫ్రెంచి చర్చికి ఎదురుగా, రోడ్డు అవతల మంగలి షాపు పక్కన నిలబడ్డాడు. శవపేటికను మోసుకుని మిల్లు పనివాళ్ళు బయటికొచ్చారు. వెనకాల నల్ల బట్టల్లో హెక్టర్ భార్య, ఇద్దరు ఆడపిల్లల చేతులు చెరోవైపు పట్టుకుని వచ్చింది. మెట్టు దిగుతూ తలెత్తి, సూటిగా అర్మిందోనే చూసింది.

ఏడుపు చూపో కోపం చూపో అయితే అతనికి అర్థమయ్యేది, భరించేవాడు కూడా. ఆమె చూపు ఆ రెండూ కాదు. ఇచ్చిన మాట తప్పినవాడిని చూసే చూపు అది. నేను ఈవిడకు ఏం మాట ఇచ్చానని? బస్సులో వెనక్కి వస్తున్నంతసేపూ అదే ఆలోచన.

జిమ్‌లో మళ్ళీ గ్లవ్స్ తొడుక్కున్నాడు కానీ చెయ్యి ముందుకు రాలేదు. ఎదుటివాడు సాధనలో భాగంగా ఒక్క క్షణం చేతులు దించితే చాలు, అర్మిందో ఒళ్ళు చల్లబడిపోయేది. అడుగు వెనక్కి వేసి నిలబడిపోయేవాడు. ముందు కుర్రాళ్ళు జాలిపడ్డారు. తరవాత నవ్వుకున్నారు. చివరికి అతనితో ఆడటానికి ఎవరికీ వంతు కుదరడం మానేసింది. ఇంట్లో కూడా అంతే. కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు దోనా ఫిలొమేనా ఇదివరకు "రారా నాయనా, సూపు చల్లారిపోతోంది" అని కేకేసి, ఎదురుగా కూర్చోబెట్టుకుని తినిపించేది. ఇప్పుడు గిన్నె మెట్ల మీద పెట్టి, తలుపు మీద ఒకసారి తట్టి వెళ్ళిపోతోంది. ఆమె తప్పేం లేదు. ఏం మాట్లాడాలో తెలియక అలా చేస్తోంది. అతనికి అది తెలుసు. తెలిసినా గిన్నె కడిగి, తలుపు తట్టకుండా మెట్ల మీదే తిరిగి పెట్టేసేవాడు.

పోర్చుగీసువాళ్ళ పవిత్రాత్మ పండుగ నాడు మధ్యాహ్నం, ఊరేగింపు అయ్యాక, గస్ అతన్ని వాళ్ళ సంఘం హాలు వెనక బల్ల దగ్గరికి లాక్కుపోయాడు. పెద్ద రాగి గుండిగల్లో మాంసం ఉడుకుతోంది. ఎర్ర వైను జగ్గులతో నడుస్తోంది. గస్ అప్పటికే మూడొంతులు మత్తులో ఉన్నాడు.

"తినరా. ఎముకలు తేలాయి నీకు" అన్నాడు రొట్టె ముక్క పులుసులో ముంచి పెడుతూ. "ఎంతకాలం ఇలా? నీ తప్పు లేదని నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా కదా."

"చేతులు దించేశాడు బాబాయ్. చేతులు దించినవాణ్ణి కొట్టాను."

"నువ్వు కొట్టక ఏం చేస్తావ్? వాడు పడాలి కదా. మొదటిదానికే పడిపోరా బాబూ అని చెప్పారు వాడికి. పడకుండా నిలబడి..."

గస్ ఆగిపోయాడు. రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది. హాలు ముందు వైపు నుంచి బ్యాండు మోగుతోంది.

"ఎవరు చెప్పారు?" అన్నాడు అర్మిందో.

గస్ నీళ్ళు నమిలాడు. ఎండగా ఉందన్నాడు, ఇంటికి పోదామన్నాడు. అర్మిందో అతని మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకోలేదు. అయినా ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"క్రేన్. ఇంకెవరు? గాన్యో డబ్బు తీసుకుని పడిపోవడానికి ఒప్పుకున్నాడు. నాలుగో రౌండులో."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకా? నీ మొహం నీకు తెలీదు కానీ, అందులో ఏదీ దాగదురా. చెబితే ఒప్పుకునేవాడివా? ఒప్పుకున్నా, ఆ దెబ్బ చూసి చంటిపిల్లలు కూడా ఇది నాటకం అనేవాళ్ళు."

"మరి హెక్టర్‌కి? నాకు తెలీదని అతనికి తెలుసా?"

గస్ బల్ల మీద చిందిన వైను మరకని బొటనవేలితో తుడుస్తూ ఉండిపోయాడు. ఎంతసేపు తుడిచినా అది పోలేదు.

"నీకు తెలుసనే చెప్పారు వాడికి" అన్నాడు చివరికి. "నీ కుడి చెయ్యికి ఎదురుగా, మొహానికి అడ్డం పెట్టిన గార్డు దించమంటే ఎవడు దించుతాడు? ఫుర్తాదో ఒప్పుకున్నాడు, మెల్లగా తగిలిస్తాడు, నువ్వు పడుకో చాలు అన్నారు. అప్పుడు ఒప్పుకున్నాడు."

అర్మిందో లేచి నిలబడ్డాడు. హెక్టర్ ఆ వేళ పెదవులు కదిపి ఏమన్నాడో ఇప్పుడు వినిపించినట్టయింది. వెటకారం కాదు. సరే కానీ, అని ఉంటాడు. నేను సిద్ధం, అని ఉంటాడు. స్నేహితుడికి చెప్పినట్టు చెప్పి ఉంటాడు.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు బాబాయ్?"

గస్ మొహం పక్కకి తిప్పుకుని వైను జగ్గు అందుకున్నాడు. పోటీకి ముందు నుంచే తెలుసని అర్మిందోకి అర్థమైంది.

ఆదివారం పూజ అయ్యే వేళకి అర్మిందో మళ్ళీ ఫాల్ రివర్ వెళ్ళాడు. గాన్యోవాళ్ళ ఇల్లు మిల్లు గోడకి ఆనుకున్న వీధిలో, రెండో అంతస్తులో ఉంది. మెట్ల నిండా ఉడికించిన క్యాబేజీ వాసన. తలుపు తీసింది ఆవిడే. పేరు ఇరీన్. కుట్టు మిషన్ల దగ్గర రోజంతా వంగి పనిచేసే భుజాలు. ఇతన్ని చూసి తలుపు మూయబోయి, ఏమనుకుందో, తానే బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"పిల్లలున్నారు. మెల్లగా మాట్లాడండి."

"అమ్మా, నాకు తెలీదు" అన్నాడు అర్మిందో. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయి ఆ ఒక్క ముక్కే మిగిలింది. "ఆ రోజు ఒప్పందం ఉందని నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు."

ఇరీన్ తలుపుకి వీపు ఆనించింది.

"ఆ రోజు పొద్దున ఆయన గుడ్లు వేయించుకుని రెండుసార్లు వడ్డించుకున్నాడు" అంది. "పోటీ రోజు ఎప్పుడూ ఏమీ తినేవాడు కాదు, కడుపులో తిప్పుతుందని. అదేంటి అంటే, ఇవాళ తేలిక రోజే ఇరీన్, ఆ పోర్చుగీసు అబ్బాయి మంచివాడట, తట్టి వదిలేస్తాడు, ఇంకెప్పుడూ గ్లవ్స్ తొడగను అన్నాడు. మంచివాడట. ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. ఇన్నాళ్ళూ మిమ్మల్ని హంతకుడనే అనుకున్నాను. మాటిచ్చి, జనం అరుపులు విని ఒళ్ళు మరిచి కొట్టాడనుకున్నాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడేమనుకోవాలో నాకు తెలీదు. మీరు చెప్పేది నిజం కావచ్చు. క్రేన్ పంపిస్తే వచ్చిన కొత్త అబద్ధం కావచ్చు."

"ఆ చావు మీద బాక్సింగ్ కమిషన్ వాళ్ళు విచారణ పెడుతున్నారు. ప్రమాదం అని రాసేసి మూసేస్తారు. నేను చెప్పేస్తాను..."

"ఏం చెప్తారు?" ఆవిడ గొంతు పెంచలేదు కానీ ఏకవచనంలోకి దిగింది. "హెక్టర్ గాన్యో అమ్ముడుపోయాడని చెప్తావా? నాకు ఇద్దరు ఆడపిల్లలు. మా నాన్న రింగులో పోరాడుతూ పోయాడని బడిలో చెప్పుకుంటున్నారు. అది తప్ప ఆయన వాళ్ళకి వదిలి వెళ్ళింది ఇంకేమీ లేదు. అది కూడా లాక్కుంటావా? నీ మనసు తేలికపడాలని ఇంత దూరం వచ్చావు. నీ బరువు తెచ్చి నా గుమ్మంలో దించకు."

లోపలి నుంచి ఒక పిల్ల "అమ్మా, ఎవరూ" అని అడిగింది.

"ఎవరూ లేరు" అంది ఇరీన్. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మరునాడు అర్మిందో క్రేన్ ఆఫీసుకి వెళ్ళాడు. గస్ అప్పటికే చెప్పేసి ఉన్నాడు. క్రేన్ కుర్చీ చూపించి, కాఫీ తెప్పించి, తలుపు తానే వేసి వచ్చాడు.

"కోపంగా ఉన్నావు. ఉండాలి" అన్నాడు. "కానీ ఒకటి ఆలోచించు తమ్ముడూ. నీకు చెప్పకుండా ఉంచింది నీ మంచికే. నీ చేతికి మట్టి అంటకూడదని. గాన్యో నేను పడమన్నప్పుడు పడి ఉంటే ఇవాళ బిడ్డలతో ఆడుకుంటూ ఉండేవాడు."

"మెల్లగా కొడతానని నా పేరు మీద చెప్పారు మీరు."

"చెప్పాను. పొరపాటే. కాబట్టి ఇక మీదట ఆ పొరపాటు ఉండదు." క్రేన్ ముందుకు వంగాడు. "బోస్టన్‌లో నీతో ఆడబోయే ఎల్వుడ్ టైస్‌తో కూడా మాట అయిపోయింది. ఈసారి నీకు ముందే చెప్తున్నాను కదా. చూసి, మెల్లగా తగిలించు. ఎవరికీ దెబ్బ ఉండదు, ఎవరి ఇంటా ఏడుపుండదు. నీక్కావాల్సింది అదేగా?"

అర్మిందోకి ఒక్కసారిగా ఇంకో సంగతి తట్టింది. కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు.

"దీనికి ముందువి? వస్టర్‌లో గెలిచింది? హార్ట్‌ఫర్డ్‌లో ఆ పొడుగువాడు?"

"కొన్ని నీవే" అన్నాడు క్రేన్, పిల్లవాడిని ఊరుకోబెడుతున్నట్టు. "చాలామటుకు నీవే."

"ఏవి?"

"ఎందుకులే. బల్ల మీద భోజనం వడ్డించాక వంటింట్లోకి తొంగిచూడకూడదు."

ఆ వాక్యం విన్నాక అర్మిందోకి ఇంకేమీ అడగాలనిపించలేదు. వీధిలోకి వచ్చి నడుస్తూ తన గెలుపులన్నీ ఒకటొకటే తలుచుకున్నాడు. హార్ట్‌ఫర్డ్ పొడుగువాడు మోకాలి మీద కూలినప్పుడు నిజంగా కాళ్ళు తేలిపోయాయా, నటించాడా? వస్టర్‌లో ఆ ఐరిష్ కుర్రాడు ఓడి కూడా నవ్వుతూ చెయ్యి కలిపాడే, ఎందుకు నవ్వాడు? ఏ ఒక్క మొహమూ నమ్మకంగా మిగలలేదు. ఒంటరివాణ్ణనుకున్న రోజుల్లో కూడా ఆ గెలుపుల్ని తలుచుకుని నిద్రపోయేవాడు. ఇప్పుడు అవి కూడా పరాయివైపోయాయి.

తను ఒప్పుకోకపోతే క్రేన్‌కి ఇంకొకడు దొరుకుతాడని అతనికి తెలుసు. ఏమీ తెలియని బలమైన చెయ్యి ఇంకొకటి, అన్నీ నమ్మి గార్డు దించే అలసిన మనిషి ఇంకొకడు. ఆ ఆలోచన దగ్గర అతను ఆగిపోయాడు. ఎంత తప్పించుకుందామన్నా దాన్ని దాటి పోలేకపోయాడు.

విచారణకు ముందు రోజు ఫాల్ రివర్ వెళ్ళి ఆ తలుపు కొట్టాడు. లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది.

"రేపు చెప్పబోతున్నానమ్మా" అన్నాడు మూసిన తలుపుతో. "మీరు వద్దన్నారు. నాకు గుర్తుంది. అయినా చెప్పకుండా ఉండలేను. మీకు ముందు తెలియాలని వచ్చాను."

లోపల అడుగులు వెనక్కి పోలేదు. తరవాత అతను మెట్లు దిగాడు.

విచారణ ప్రావిడెన్స్‌లో ఒక ప్రభుత్వ భవనంలో జరిగింది. పొడుగాటి బల్ల వెనక ముగ్గురు పెద్దలు, మధ్యలో బట్టతల అధ్యక్షుడు. పేపర్లవాళ్ళు ఇద్దరో ముగ్గురో విసుగ్గా కూర్చున్నారు. డాక్టరు, రిఫరీ చెప్పాల్సింది చెప్పేశారు. అర్మిందోని పిలిచి, ఏమైనా చెప్పుకోవాలా అని అడిగారు. లేదండీ అంటాడనే అందరి నమ్మకం.

అతను చెప్పాడు. అలవాటు లేని పని కావడంతో మాటలు ముందువి వెనక, వెనకవి ముందు వచ్చాయి. కానీ హెక్టర్ చేతులు ఎలా దించాడో, ఎందుకు దించాడో, తన పేరు మీద ఎవరు మాటిచ్చారో, బోస్టన్ కోసం ఎవరితో మాట అయిందో అంతా చెప్పాడు. పేపర్లవాళ్ళు పెన్సిళ్ళు తీశారు.

అధ్యక్షుడు కళ్ళజోడు సర్దుకుని గస్‌ను లేపాడు. "పచేకోగారూ, ఈ అబ్బాయి మీరే చెప్పారంటున్నాడు. నిజమేనా?"

గస్ అర్మిందో వైపు చూశాడు. అతని గాయాలకు మందు రాసినప్పటి చూపే అది, అంత ప్రేమగానూ ఉంది.

"అబ్బాయికి మనసు బాగాలేదండీ" అన్నాడు మెల్లగా. "ఆ రోజు నుంచీ నిద్ర లేదు, తిండి లేదు. ఏవేవో ఊహించుకుంటున్నాడు. మీరు పట్టించుకోకండి. మంచి పిల్లాడు."

క్రేన్ విచారంగా తల ఊపాడు. గదిలో ఎవరో దగ్గారు. పేపర్లవాడొకడు పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. గస్ తిట్టి ఉంటే, అబద్ధాలకోరు అని ఉంటే అర్మిందో ఎదురు చెప్పేవాడు. ఆ జాలికి ఎదురు ఏం చెప్పాలో తోచలేదు. అందరూ రోగిని చూస్తున్నట్టు చూస్తున్నారు. నిజంగానే ఊహించుకున్నానా అని అతనికే ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

"నేను మాట్లాడొచ్చా అండీ?"

వెనక వరసలో ఇరీన్ గాన్యో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, కోటు మీద దారపు పోగులు అంటుకుని ఉన్నాయి.

"ఈయన చెప్పింది నిజం" అంది. "మా ఆయన పడిపోవడానికి ఒప్పుకున్నాడు. ఆ పొద్దున నాతో చెప్పాడు."

అధ్యక్షుడు ఇబ్బందిగా కదిలాడు. "అమ్మా, మీరు చెప్పేది మీ భర్త పేరుకే మచ్చ తెస్తుంది. ఆలోచించుకుని..."

"ఆలోచించుకునే వచ్చానండీ. తప్పు చేశాడు. ఇల్లు గడవక చేశాడు, అయినా తప్పే. దానికి చావు శిక్ష కాదు కదా." ఆవిడ చెయ్యెత్తి క్రేన్ వైపు చూపించింది. "ఈ అబ్బాయి తెలియక కొట్టాడు. తెలిసి కొట్టించినాయన అదిగో, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నోరు తెరవొద్దని, తెరిస్తే విరాళాల పోటీ ఉండదని నా ఇంటికొచ్చి చెప్పి వెళ్ళాడు. పిల్లల కోసం ఇన్నాళ్ళూ తెరవలేదు. రేపు ఇంకొకావిడ నాలాగా నిలబడాల్సి వస్తే, ఆవిడకి నేనేం చెప్పుకోను?"

క్రేన్ వేలు టోపీ అంచు మీద ఆగిపోయింది.

బయటికి వచ్చేసరికి సన్నగా వాన పడుతోంది. ఫాల్ రివర్‌కీ న్యూ బెడ్‌ఫోర్డ్‌కీ పోయే బస్సు ఒక్కటే. ఇద్దరూ అదే బస్సు ఎక్కాల్సి వచ్చింది. ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. అతను చివరికి వెళ్ళి కూర్చున్నాడు. మధ్యలో సీట్లన్నీ దాదాపు ఖాళీ. కిటికీ అద్దం మీద నీళ్ళు జారుతుంటే ఆవిడ టోపీ వెనక భాగాన్ని చూస్తూ కూర్చున్నాడు. లేచి వెళ్ళి ఏదైనా చెప్పాలని రెండు మూడు సార్లు అనుకున్నాడు. కృతజ్ఞతలు అనే మాట ఆవిడ ముందు ఎలా పలకాలి? క్షమించమంటే మాత్రం ఏం అర్థం ఉంది?

ఫాల్ రివర్ వంతెన దాటాక ఆవిడే లేచి, సీట్లు పట్టుకుంటూ వెనక్కి వచ్చింది.

"మిమ్మల్ని నమ్మాను. అందుకే వచ్చాను" అంది. మళ్ళీ మీరు అంటోంది. "ఇంక మా ఇంటి వైపు రాకండి. పిల్లలు మీ మొహం పేపర్లో చూశారు."

"రాను."

బస్సు ఆగింది. ఆవిడ గొడుగు లేకుండా దిగి, కోటు కాలరు ఎత్తుకుని మిల్లు గోడ వెంట నడిచి వెళ్ళిపోయింది. మిగిలిన దారంతా బస్సులో అతనూ డ్రైవరూ, అంతే.

క్రేన్ లైసెన్సు రద్దయింది. జైలు దాకా పోలేదు. ఇద్దరి మాట తప్ప కాగితం ముక్క లేదని ప్లీడర్లు తేల్చారు. వసంతం వచ్చేసరికి అదే ఆఫీసులో, అదే కుర్చీలో అతని బావమరిది కూర్చున్నాడని అర్మిందో విన్నాడు. ఎల్వుడ్ టైస్ మాత్రం బోస్టన్ పోటీ నుంచి తప్పుకుని, రైల్వేలో పనికి చేరాడట. అది విన్న రోజు అర్మిందోకి కాస్త అన్నం సయించింది. ఇరీన్ పిల్లల్ని తీసుకుని న్యూ హాంప్‌షైర్‌లో అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. గస్ జిమ్ మూతపడింది. ఒకసారి చేపల బజారులో ఎదురైతే ముసలాయన ఒక్క క్షణం ఆగి, వీధి అవతలికి దాటిపోయాడు. అర్మిందో పిలవలేదు. పిలిస్తే ఆగేవాడేమో, ఆ సంగతి అతనికి తెలియకుండానే పోయింది.

అర్మిందో ఆడే లైసెన్సును కూడా అతని మీద విచారణ పూర్తయ్యే వరకని ఆపారు. ఆ విచారణను ఎవరూ పూర్తి చేయలేదు. మిల్లు కూడా మూతపడ్డాక అతను ఆల్చిప్పల పడవ మీద పనికి కుదిరాడు. కెప్టెన్ నార్వే మనిషి. బాక్సింగ్ అంటే ఏమిటో తెలియదు, పేపరు చదవడు, మనుషుల కంటే వాతావరణాన్ని ఎక్కువ నమ్ముతాడు.

నడిసముద్రంలో జార్జెస్ బ్యాంక్ అనే మేట దగ్గర, మంచు తెర విడుతున్న ఒక ఉదయం అందరూ డెక్ మీద నిలబడి ఆల్చిప్పలు ఒలుస్తున్నారు. కత్తి దూర్చడం, తిప్పడం, కండ గీరి బుట్టలో వేయడం, చిప్పలు నీళ్ళలోకి విసరడం. మిగతావాళ్ళు ఊళ్ళో ఉన్న పెళ్ళాల గురించి జోకులు వేసుకుంటున్నారు. తలవంచుకున్న అర్మిందో చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కెప్టెన్ పైపు నములుతూ వచ్చి, కాసేపు వాటినే చూశాడు.

"చేతులు భలే పనిచేస్తాయయ్యా నీకు. ఇంతకు ముందు ఏం పని చేసేవాడివి?"

అర్మిందో తలెత్తాడు. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే, కనుచూపు మేర ఒడ్డన్నది లేదు. ఈ మనిషికి చెప్పొచ్చు అనిపించింది. ఇతను మధ్యలో అడ్డుపడడు, జాలిపడడు, పైపు నములుతూ మొత్తం వింటాడు. ఎక్కడ మొదలుపెట్టాలా అని ఒక్క నిమిషం వెతుక్కున్నాడు.

"మిల్లులో బేళ్ళు మోసేవాణ్ణి" అన్నాడు.

"మంచి పనే" అన్నాడు కెప్టెన్. గాలి ఎటు తిరుగుతోందో చూడటానికి వెళ్ళిపోయాడు.

అర్మిందో ఇంకో చిప్ప అందుకున్నాడు.